సమాధానంలో లేని పేరు: కృత్రిమ మేధ అన్వేషణలో దృశ్యత, పోటీ, ధర్మం

వ్యాస సారాంశం

అడిగిన ప్రశ్నకు లంకెల జాబితా కాకుండా ఒక్క సమాధానాన్ని అందించే కృత్రిమ మేధ యంత్రాలు వాడుకలోకి వచ్చాయి. ఆ సమాధానంలో తమ పేరు ఎన్నిసార్లు వస్తున్నదో, పోటీదారుల పేరు ఎన్నిసార్లు వస్తున్నదో సంస్థలు లెక్క కట్టుకొంటున్నాయి. ఈ లెక్కలో ఇమిడి ఉన్న నైతిక ప్రశ్నను గుంటూరు, ప్రకాశం ప్రాంతాల మిరప వ్యాపారాన్నీ సాహిత్య చరిత్రనూ ఆధారం చేసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భారతీయ ప్రమాణశాస్త్రంలోని అనుపలబ్ధి చర్చ వెలుగులో, సమాధానంలో పేరు లేకపోవడం ఆ పేరు గలవారు లేకపోవడానికి రుజువు కాదని, పోటీలో ఓడినవారి కంటే పోటీ లెక్కలోకే రానివారికి జరిగే అన్యాయం పెద్దదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: దృశ్యత, అనుపలబ్ధి, ఆప్తవాక్యం, పోటీ, కృత్రిమ మేధ, గుంటూరు మిరప, కొప్పరపు కవులు, గబ్బిలం.

1. ప్రవేశిక

గుంటూరు మిరప యార్డులో సరుకు కొనేవాడు ముందుగా టిక్కీలో చేయి పెడతాడు. గుప్పెడు కాయలు పైకి తీసి రంగు చూస్తాడు. ఒక కాయను విరిచి ఏ మేరకు ఎండిందో తెలుసుకొంటాడు. తాలు ఎంత కలిసిందో అంచనా వేస్తాడు. ధర ఆ తర్వాతి మాట. ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. ధర నిర్ణయంలో రైతు మాటకు బలం తక్కువన్న ఫిర్యాదు చాలా పాతది. అయినా యార్డులోకి చేరిన టిక్కీ కొనేవాడి కంటికి ఆనుతుంది. అది తేజ రకమైనా, 334 అయినా, పక్కన పోసిన తాలు అయినా, దాన్ని చూసి కాదనవచ్చు గాని, అది అక్కడ లేదనడానికి వీలులేదు.

దూరప్రాంతపు కొనుగోలుదారు ఇప్పుడు సరుకు గురించిన తొలి విచారణకు యార్డు దాకా రానక్కరలేదు. 'గుంటూరు సన్నం మిరప నమ్మకంగా ఎవరి వద్ద దొరుకుతుంది?' అని కృత్రిమ మేధను అడిగితే నాలుగు వాక్యాల సమాధానం వస్తుంది. అందులో రెండో మూడో పేర్లు ఉంటాయి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. 2024 మే నెలలో గూగుల్ తన అన్వేషణ ఫలితాల పైభాగాన కృత్రిమ మేధ రాసిన సారాంశాన్ని అమెరికాలో చూపడం మొదలుపెట్టి, ఆ ఏడాది ఆగస్టులో భారతదేశానికీ విస్తరించింది. అంతకు ముందు అన్వేషణ యంత్రం పది లంకెలను వరుసగా పరిచి, ఎంపికను అడిగినవారికే వదిలేది. పదకొండో పేరు కావలసినవారు రెండో పుట తిరగవేసేవారు. సమాధానానికి రెండో పుట లేదు.

ఈ మార్పుతో ఒక కొత్త కొలత పుట్టింది. ఒక సంస్థ వెబ్‌సైటు ఈ సమాధానాలలో ఎంతగా కనబడుతున్నదో, దాని పోటీదారులు ఎంతగా కనబడుతున్నారో పోల్చి చెప్పే కొలత అది. వ్యాపార రంగం దీన్ని సాంకేతిక విషయంగా చర్చిస్తున్నది. అయితే దీని అడుగున ఒక నైతిక ప్రశ్న ఉంది. ఇతరుల కంటే ఎక్కువగా కనబడాలని కోరుకోవడం ధర్మమేనా? ధర్మమైతే ఏ హద్దు వరకు? ఆ కొలతలో చోటే దొరకనివారి పట్ల ఎవరికి ఏ బాధ్యత ఉంది? ఈ వ్యాసం పరిశీలించేది ఈ ప్రశ్నలనే.

2. కొలత స్వరూపం

నైతిక విచారణకు ముందు ఆ కొలత ఎలా జరుగుతుందో చూడాలి. ఒక మిరప ఎగుమతి సంస్థను ఊహించుకోవచ్చు. కొనుగోలుదారులు అడగడానికి వీలున్న ప్రశ్నలను ఆ సంస్థ ఒక పట్టికగా రాసుకొంటుంది. వాటిని చాట్‌జీపీటీ, జెమిని, పర్‌ప్లెక్సిటీ వంటి యంత్రాలకు పదేపదే వేస్తుంది. ఒకే ప్రశ్నకు యంత్రం ప్రతిసారీ ఒకే సమాధానం ఇవ్వదు కనుక ఒక్కసారి అడిగి ఊరుకొంటే ప్రయోజనం లేదు. వచ్చిన సమాధానాలలో తన పేరు ఎన్నింటిలో ఉంది, ఎన్నో స్థానంలో ఉంది, మెచ్చుకోలుగా వచ్చిందా తటస్థంగా వచ్చిందా, ఆధారంగా తన వెబ్‌సైటు లంకెను చూపారా అన్నవి లెక్కిస్తుంది. పోటీదారులకూ అదే లెక్క వేస్తుంది. వచ్చిన పేర్ల మొత్తంలో తన పేరు ఎన్నో వంతో అదే దాని వాటా.

ఈ లెక్కలో అబద్ధమేమీ లేదు. కాని దీని హారంలో ఒక మౌనం ఉంది. వాటా అంటే భాగహారం. పైన ఉండేది సంస్థ పేరు, కింద ఉండేది అందరి పేర్లు. ఆ 'అందరూ' ఎవరు? లెక్క వేసేవాడు తనకు పోటీ అని ముందుగా అనుకొన్నవారు, లేదా యంత్రం తనంతట తాను పలికినవారు. మొదటి పద్ధతిలో హారాన్ని నిర్ణయించేది కొలిచేవాడి ఊహ, రెండో పద్ధతిలో యంత్రం జ్ఞాపకం. ఈ రెండింటికీ వెలుపల ఉన్నవారు ఆ లెక్కలో సున్నా కూడా కారు. సున్నా వాటా రావాలన్నా పట్టికలో ఒక వరుస ఉండాలి.

ఆ వరుస దొరకాలంటే రాతలో ఉండాలి. యంత్రానికి తెలిసినదంతా ఎక్కడో ఎవరో రాసిపెట్టినదే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్ల మంది. అంతర్జాలంలో యంత్రాలు చదివే పుటల రాశిలో తెలుగు పుటలు ఒక శాతంలో పదో వంతు కూడా లేవు. పర్చూరు దగ్గరో, పెదనందిపాడు దగ్గరో నల్లరేగడిలో మూడు తరాలుగా మిరప పండిస్తున్న కుటుంబపు జ్ఞానం ఆ తెలుగు పుటలలో సైతం అరుదు. ఇంగ్లీషులో వెబ్‌సైటు గల వర్తకుడు ఆ కుటుంబం పంటను కొని అమ్మితే, సమాధానంలో కనబడేది వర్తకుడే.

భౌగోళిక సూచిక విషయంలో ఇది మరింత స్పష్టమవుతుంది. గుంటూరు సన్నం మిరపకు, మంగళగిరి చీరలకు ఈ గుర్తింపు ఉంది. ఇది ఏ ఒక్క వ్యాపారికీ చెందని పేరు, ఒక ప్రాంతం ఉమ్మడిగా సంపాదించుకొన్న పేరు. యంత్రం 'గుంటూరు సన్నం' అనే మాటను ఎన్నిసార్లు పలికినా, దాని పక్కన చేర్చే లంకె మాత్రం ఏదో ఒక్కరిది. ఉమ్మడి కీర్తి వ్యక్తిగత దృశ్యతగా మారే ఈ మలుపులోనే నైతిక ప్రశ్న మొదలవుతుంది.

3. రంగు, ఘాటు

మిరప వ్యాపారంలో రంగుకు ఒక కొలత, ఘాటుకు మరొక కొలత ఉన్నాయి. ఈ రెండూ ఒకే కాయలో సమానంగా ఉండాలన్న నియమం లేదు. బ్యాడిగి రకం రంగుకు పేరు పొందింది, ఘాటు తక్కువ. తేజ ఘాటుకు పేరు పొందింది. రంగు చూసి ఘాటును ఊహించినవాడు మోసపోతాడు. ఆ మోసానికి కారణం కాయ కాదు, అతని ఊహ.

ఈ తేడాను మరిచిన వ్యాపారానికి ఏమవుతుందో ఈ ప్రాంతానికి తెలుసు. ఎర్రదనం పెంచడానికి కొందరు కారంపొడిలో సుడాన్ అనే పారిశ్రామిక రంగును కలిపారు. ఐరోపా సంఘం 2003లో, దిగుమతి అయ్యే మిరప ఉత్పత్తులలో ఆ రంగు లేదన్న ధ్రువపత్రాన్ని తప్పనిసరి చేసింది. 2005లో బ్రిటన్‌లో ఆ రంగు చేరిన వందలాది ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకొన్నారు. కలిపినవారు కొద్దిమందే. పరీక్షల ఖర్చు, అనుమానపు భారం మాత్రం నిజాయితీగా కాయ పంపినవారి మీదా పడ్డాయి. కొలతను సంతృప్తిపరచడానికి చేసిన పని కొలతనే నమ్మరానిదిగా చేసింది. ఒక కొలత లక్ష్యంగా మారినప్పుడు అది మంచి కొలతగా మిగలదన్న సూత్రం బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో చేసిన పరిశీలన నుంచి వచ్చింది.

కృత్రిమ మేధ సమాధానాలలో దృశ్యత కూడా రంగు వంటి కొలతే. దాన్ని పెంచే మార్గాలలో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం, ఢిల్లీ ఐఐటీ తదితర సంస్థల పరిశోధకులు 2023లో వెలువరించి, 2024లో ఒక అంతర్జాతీయ సదస్సులో సమర్పించిన అధ్యయనం ఈ విషయాన్ని పరీక్షించింది. ఒక పుటలో ఆధారాలను పేర్కొనడం, సంబంధిత వ్యక్తుల మాటలను ఉదాహరించడం, గణాంకాలు చేర్చడం వంటి మార్పులు సమాధానంలో ఆ పుట దృశ్యతను 40 శాతం వరకు పెంచగలవని అది తేల్చింది. ఒకే మాటను పుటంతా కుక్కే పాత పద్ధతి అంతగా పనిచేయలేదు. పైకి చూస్తే ఇది శుభవార్త. ఆధారం చూపినవాడికి ఫలితం దక్కుతున్నది. కాని యంత్రం మెచ్చుకొంటున్నది ఆధారపు రూపాన్ని. ఆ అంకె నిజమా, ఆ మాట అన్నవాడు నిజంగా అన్నాడా అన్నది వేరే ప్రశ్న. నిజమైన గణాంకం ఘాటు అయితే, గణాంకంలా కనబడే వాక్యం రంగు.

దీనికన్నా ముదిరిన పద్ధతులూ వచ్చాయి. పాఠకుడి కంటికి కనబడని తెల్లటి అక్షరాలలో, తమను పొగడమని యంత్రానికి ఆదేశం రాసిపెట్టడం వాటిలో ఒకటి. 2025లో కొన్ని పరిశోధన పత్రాలలోనే ఇటువంటి దాచిన ఆదేశాలు బయటపడ్డాయి. విద్యారంగం తాను అతీతమని చెప్పుకోవడానికి వీలులేదు.

పత్తి కొనుగోలుతో పోలిస్తే మరొక తేడా తెలుస్తుంది. భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రంలో పత్తిలో తేమ 8 శాతం వరకు ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తారు. 12 శాతం మించితే తీసుకోరు. రైతుకు ఈ నియమం నచ్చకపోవచ్చు. కాని హద్దు ఏమిటో ముందే తెలుసు, తేమ కొలిచే పరికరం కళ్లముందే ఉంటుంది, మళ్లీ కొలవమని పట్టుపట్టవచ్చు. సమాధానంలో ఒక పేరు ఎందుకు వచ్చింది, మరొకటి ఎందుకు రాలేదు అన్నదానికి అటువంటి పరికరం ఎవరి ముందూ లేదు. తూకం కనబడని చోట న్యాయం అడగడం కష్టం.

4. అనుపలబ్ధి: కనబడకపోవడం ఏమి చెబుతుంది?

భారతీయ తత్త్వశాస్త్రం ఈ ప్రశ్నను మరో రూపంలో ఎంతో కాలం చర్చించింది. నేలమీద కుండ లేదని ఎలా తెలుస్తుంది? కుమారిల భట్టు సంప్రదాయపు మీమాంసకులు, అద్వైతులు దీనికి అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణాన్ని అంగీకరించారు. కుండ కనబడలేదు కనుక కుండ లేదు. కాని వెంటనే ఒక షరతు చేర్చారు. అది యోగ్యానుపలబ్ధి కావాలి. వెలుతురు ఉండి, కన్ను సరిగా ఉండి, కుండ ఉన్నట్లయితే కనబడి తీరవలసిన పరిస్థితిలో కనబడకపోతేనే దాని అభావం రుజువవుతుంది. చీకటి గదిలో కుండ కనబడకపోవడం కుండ గురించి ఏమీ చెప్పదు, చీకటి గురించి చెబుతుంది. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి అనుపలబ్ధిని వేరే ప్రమాణంగా ఒప్పుకోక, అనుమానంలో హేతువుగా చేర్చాడు. అయినా షరతు విషయంలో అతడిదీ ఇదే మాట. అది దృశ్యానుపలబ్ధి కావాలి, అంటే చూడదగిన స్థితిలో ఉన్నదే కనబడకుండా ఉండాలి.

నేడు వ్యాపార భాషలో వినబడే 'దృశ్యత' అనే మాటను ఈ షరతు పక్కన నిలిపి చూస్తే ప్రశ్న స్పష్టమవుతుంది. ఇంగ్లీషు వెబ్‌సైటు, పత్రికా ప్రస్తావనలు, సమీక్షలు గల సంస్థ సమాధానంలో రాకపోతే అది ఆలోచించవలసిన విషయమే. అది చూడదగిన స్థితిలో ఉండి కనబడలేదు. రాతలోకే రాని రైతు ఉత్పత్తిదారుల బృందమో, చీరాలలోని మగ్గమో రాకపోతే, ఆ రాకపోవడం చీకటి గదిలోని కుండ వంటిది. మొదటి అభావాన్నీ రెండో అభావాన్నీ ఒకే అంకెతో చూపే కొలత ప్రమాణశాస్త్ర దృష్టిలో దోషమే.

ఈ దోషాన్ని పెంచేది యంత్రం స్వరం. శబ్ద ప్రమాణానికి న్యాయశాస్త్రం పెట్టిన మూలం ఆప్తుడు. వాత్స్యాయన భాష్యం ప్రకారం ఆప్తుడంటే విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్లు చెప్పాలన్న కోరికతో చెప్పేవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ సమానమేనని కూడా ఆ భాష్యం చెబుతుంది. ఆప్తత్వానికి కులగోత్రాలు ఆధారం కావు, ఎరుక, నిజాయితీ ఆధారం. యంత్రం యార్డుకు రాలేదు, కాయను విరవలేదు. ఎవరో చెప్పినదాన్ని కూర్చి చెబుతుంది. అది తప్పు కాదు. తాను కూర్చి చెబుతున్నాననీ, తనకు అందిన రాతలలో ఉన్నవారే తన సమాధానంలో ఉన్నారనీ చెప్పకుండా, చూసి వచ్చినవాడి ధోరణిలో చెప్పడమే తప్పు.

5. ఆశుకవుల పోటీ

పోటీ దృశ్యతలో రాతకు ఎంత బలముందో చెప్పే ఉదాహరణ ఈ ప్రాంతపు సాహిత్య చరిత్రలోనే ఉంది. గత శతాబ్దపు తొలి దశకాలలో అవధాన విద్య తెలుగు దేశాన్ని ఉర్రూతలూగించింది. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) తిరుపతి వేంకట కవులుగా ఆ విద్యకు పర్యాయపదమయ్యారు. నరసరావుపేట ప్రాంతంలోని కొప్పరం గ్రామానికి చెందిన కొప్పరపు సోదర కవులు వేంకట సుబ్బరాయ కవి (1885–1932), వేంకట రమణ కవి (1887–1942) ఆశుకవితా వేగంలో అసాధారణులుగా పేరు పొందారు. ఈ జంటల మధ్య స్పర్ధకు గుంటూరు సీమ వేదిక అయింది. ఊళ్లూ పండితులూ పక్షాలుగా చీలిన కాలం అది.

ఆ స్పర్ధలో ఎవరిది పైచేయి అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. ప్రస్తుతమైనది ఆ తర్వాత జరిగినది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు అచ్చులోనూ రంగస్థలం మీదా నిలిచి, పద్యం చదవలేనివారి నోట కూడా పలికాయి. వేంకటశాస్త్రి దీర్ఘకాలం జీవించి, 'కథలు–గాథలు' వచనంలో తన కాలపు సంగతులను తన దృష్టితో నమోదు చేశాడు. కొప్పరపు కవుల గ్రంథాలు కొన్ని మిగిలినా, వారి కీర్తికి అసలు కారణమైన ఆశుకవితలో అధికభాగం సభలోనే పుట్టి సభలోనే గాలిలో కలిసింది. ఎంత వేగంగా చెబితే రాసుకొనేవాడికి అంత అందదు. వారి ప్రతిభే వారి ప్రతిభకు సాక్ష్యం మిగలకుండా చేసింది.

తర్వాతి తరాల పాఠకుడు గ్రంథాలయంలో కనబడేదాన్ని బట్టి ఇద్దరినీ పోల్చితే ఏమవుతుంది? అతడు కొలిచేది కవిత్వాన్ని కాదు, నమోదును. ఆ పోలిక తిరుపతి వేంకట కవులకు చేసే అన్యాయం ఏమీ లేదు, వారి కీర్తి సార్థకమైనదే. కాని కొప్పరపు కవుల విషయంలో అది చీకటి గదిని చూసి కుండ లేదనడమే అవుతుంది. వారి పేరు నేటికీ వినబడడానికి ఒక కారణం ఆ స్పర్ధే. పోటీదారుగా గుర్తింపు పొందడం కూడా ఒక గౌరవమని దీనివల్ల తెలుస్తుంది. ప్రత్యర్థి తన నోటితో ఒక పేరును ఎత్తినప్పుడు, ఆక్షేపణగా ఎత్తినా సరే, ఆ పేరు చరిత్రలో ఒక వరుసను సంపాదించుకొంటుంది. ఆ వరుస కూడా దొరకని అవధానులు ఎందరో.

6. అమ్మేవాడు లేని సలహా

ఇంతవరకు చర్చ పేరుప్రతిష్ఠల గురించి సాగింది. పొలంలో ఈ ప్రశ్న బతుకుతెరువు ప్రశ్నగా మారుతుంది. 2021–22 పంటకాలంలో నల్ల తామర పురుగు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప పంటను తీవ్రంగా దెబ్బతీసింది. పూతలో చేరి కాయ పట్టకుండా చేసే ఆ పురుగును అదుపు చేయడానికి రైతులు ఒకదాని తర్వాత ఒకటిగా మందులు మార్చి పిచికారీ చేశారు. మందు పేరు చెప్పేవాడు చాలాచోట్ల మందు అమ్మేవాడే. విచక్షణ లేని పిచికారీ వద్దని, నీలిరంగు జిగురు అట్టలు పెట్టాలని, నత్రజని ఎరువును మితంగా వాడాలని, పొలం చుట్టూ జొన్న, మొక్కజొన్న వంటి పైర్లను అడ్డుగా వేయాలని శాస్త్రవేత్తలు సూచించారు.

ఇటువంటి ఆపదలో రైతు కొడుకు ఫోనులో కృత్రిమ మేధను అడుగుతాడని అనుకోవచ్చు. ఆ సమాధానంలో ఏ మందు పేరు ముందు రావాలన్న విషయంలో తయారీ సంస్థలు పోటీ పడతాయి. తమ వాటాను కొలుచుకొంటాయి, పెంచుకొంటాయి. నత్రజని తగ్గించమన్న సలహా తరఫున పోటీ పడేది ఎవరు? గట్టున జొన్న వేయమన్న మాటకు వాటా లెక్కించే సంస్థ ఏది? కొన్ని సలహాలు అమ్ముడుపోవు, అమ్మేవాడు లేడు కనుక వాటికి ప్రచారకుడూ లేడు. దృశ్యత పూర్తిగా పోటీ చేతికి పోతే, మొదట కనుమరుగయ్యేది ఖర్చు లేని సలహాయే. అప్పు చేసి మందు కొన్న కుటుంబానికి ఇది తాత్త్విక చర్చ కాదు.

అన్వేషణ యంత్రాల పుట్టుకలోనే ఈ భయం ఉంది. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులుగా తమ యంత్రాన్ని వివరిస్తూ రాసిన పరిశోధన పత్రంలో, ప్రకటనల ఆదాయం మీద బతికే అన్వేషణ యంత్రాలు వినియోగదారుల అవసరం కంటే ప్రకటనకర్తల వైపు మొగ్గుతాయని హెచ్చరించారు. ఆ యంత్రమే గూగుల్. ఆ హెచ్చరికను వారి సంస్థే ఎంతవరకు పాటించిందన్నది వేరే చర్చ. హెచ్చరికలోని తర్కం మాత్రం సమాధాన యంత్రాలకు మరింతగా వర్తిస్తుంది.

7. లోపలికి రాలేనివాడి మాట

వినుకొండకు చెందిన గుర్రం జాషువా (1895–1971) 1941లో వెలువరించిన 'గబ్బిలం' కావ్యం ఈ సమస్యకు మూలరూపాన్ని చూపిస్తుంది. అందులో అస్పృశ్యుడైన నాయకుడికి గుడి ప్రవేశం లేదు. గుడి లోపల వేలాడే స్వేచ్ఛ గబ్బిలానికి ఉంది. తన బాధను శివునికి వినిపించమని అతడు ఆ గబ్బిలాన్ని వేడుకొంటాడు. మేఘాన్నో హంసనో దూతగా పంపిన కావ్య సంప్రదాయంలో గబ్బిలాన్ని ఎన్నుకోవడం కేవలం చమత్కారం కాదు. వినవలసినవాడికీ చెప్పవలసినవాడికీ మధ్య తలుపు ఉన్నప్పుడు, లోపలికి పోగల ప్రాణి ఏదైనా సరే దూత కావలసి వస్తుంది.

ఆ నాయకుడు మరొక భక్తుడితో పోటీ పడి ఓడిపోలేదు. పోటీ జరిగే ఆవరణలోకే అతనికి ప్రవేశం లేదు. కుల నిషేధాన్నీ సాంకేతిక విస్మరణనూ సమానం చేయడం సరికాదు. మొదటిది బుద్ధిపూర్వకమైన హింస, రెండోది తరచుగా ఉదాసీనత. అయినా రెండింటి నిర్మాణంలో ఒక పోలిక ఉంది. లోపల ఉన్నవారి మధ్య జరిగే న్యాయ విచారణ ఎంత నిష్పాక్షికమైనా, బయట నిలిచినవాడికి అది న్యాయం కాదు. వాటాల లెక్క ఎంత కచ్చితంగా ఉన్నా హారంలో లేనివాడికి అది సమాధానం చెప్పదు.

ఇదే నేల మరొక ఉదాహరణనూ భద్రపరిచింది. కృష్ణాతీరపు అమరావతి స్తూప శాసనాలలో రాజులు, శ్రేష్ఠులు మాత్రమే లేరు. విధికుడు అనే చర్మకారుడు కుటుంబంతో కలిసి పూర్ణఘట ఫలకాన్ని సమర్పించిన సంగతి రాతిమీద చెక్కి ఉంది. దాదాపు రెండువేల ఏళ్ల తర్వాత కూడా ఆ పేరు చదవవచ్చు. పేరు నిలవడానికి అధికారం ఒక్కటే అర్హత కాని వ్యవస్థ ఒకప్పుడు సాధ్యమైందని దీని అర్థం. అయితే ఈ ఉదాహరణను అతిగా మెచ్చుకోరాదు. ఇటువంటి దాన శాసనాలలో దాత పేరు ఉంటుంది, ఉలి పట్టిన శిల్పి పేరు సాధారణంగా ఉండదు. ప్రతి నమోదు వ్యవస్థకూ ఒక హారం ఉంటుంది, ఆ హారానికి ఒక వెలుపలి భాగం ఉంటుంది. దాన్ని గుర్తుచేసుకోవడమే నైతికతకు మొదటి మెట్టు.

8. ఆక్షేపణలు, పరిశీలన

ఈ వాదానికి మూడు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది, ప్రకటన ఎప్పుడూ ఉన్నదే కదా, గోడమీద రాసిన పేరుకూ సమాధానంలో వచ్చే పేరుకూ తేడా ఏమిటని. తేడా ఉంది. గోడమీది రాత తాను ప్రకటననని దాచుకోదు. చదివేవాడు ఆ మేరకు తగ్గించి నమ్ముతాడు. సమాధానంలోని పేరు సలహా రూపంలో వస్తుంది. అడిగినవాడు దాన్ని పరిచితుడి మాటలా వింటాడు.

రెండోది బలమైనది. ఈ కొలత చిన్నవారికే మేలు చేయవచ్చు. పైన పేర్కొన్న అధ్యయనంలోనే, ఆధారాలు చూపడం వల్ల అన్వేషణ వరుసలో దిగువన ఉన్న పుటలు పైనున్నవాటికంటే ఎక్కువ లాభపడినట్లు తేలింది. పెద్ద సంస్థల పేర్ల కింద నలిగిన చిన్న సంస్థకు తన స్థితి తెలుసుకొనే హక్కు ఉంది. ఈ ఆక్షేపణను అంగీకరించవలసిందే. పోటీదారుతో పోల్చుకొని తన దృశ్యతను కొలుచుకోవడం దానంతట అది అధర్మం కాదు. అయితే ఈ మేలు అందేది ఇప్పటికే పుట ఉన్నవారికి. వరుసలో దిగువన ఉండడం వేరు, వరుసలోనే లేకపోవడం వేరు.

మూడోది, రాసుకోనివారిది స్వయంకృతమని. రాయడం నేడు సులభమే కదా అన్నది ఆ వాదం. కొప్పరపు కవుల ఉదాహరణ దీనికి జవాబు. కొన్ని విద్యలు రాతకు లొంగవు. కాయను విరిచి ఎండు తెలుసుకొనే వేళ్ల జ్ఞానం, నూలు తెగబోయే ముందు గుర్తుపట్టే నేతగాడి చూపు వాక్యాలుగా మారడానికి పక్కన కూర్చుని వినే మరొకరు కావాలి. ఆ వినడం సమాజపు పని, దాన్ని ఆ శ్రామికుడి ఒక్కడి బాధ్యతగా వదిలివేయడం న్యాయం కాదు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు బాధ్యతలు తేలుతున్నాయి. కనబడాలని కోరేవాడు తన గురించి నిజమైన, పరీక్షకు నిలిచే మాటలనే రాయాలి, ఉమ్మడి పేరు వల్ల వచ్చిన లాభాన్ని పొందేటప్పుడు ఆ పేరు సంపాదించినవారిని తన పుటలో ప్రస్తావించాలి. మిరప అమ్మే సంస్థ తన కాయ ఏ ఊరిదో, ఎవరు పండించారో చెప్పడం ఈ బాధ్యతకు కనీస రూపం. సమాధానం ఇచ్చే యంత్రాన్ని నడిపేవారు ఏ మాట ఎవరి నుంచి వచ్చిందో చూపాలి, తమకు అందిన రాత ఎక్కడ పలుచగా ఉందో అక్కడ ఆ మాట చెప్పాలి. అడిగేవాడు యోగ్యానుపలబ్ధి షరతును గుర్తుంచుకోవాలి. సమాధానంలో లేని పేరును లేనిదిగా లెక్కించకుండా, 'వెలుతురు ఉందా?' అని ఒకసారి అడగాలి.

వీటికి తోడు తెలుగు శాఖల మీద నాలుగో బాధ్యత ఉంది. మాండలిక పదాలనూ వృత్తి పదాలనూ సేకరించే పని ఇంతకాలం నిఘంటువుల కోసం జరిగింది. యార్డు హమాలీ మాట, నేతగాడి మాట, కౌలు రైతు మాట, చెప్పినవారి సమ్మతితో, వారి పేరుతో తెలుగులో నమోదు కావడం ఇప్పుడు న్యాయానికి సంబంధించిన పని కూడా. యంత్రం రేపు చదివేది నేడు రాసినదాన్నే. పోటీలో ఎవరి వాటా ఎంత అని తేల్చడం వ్యాపారుల పని. హారంలో ఎవరు లేరో వెదకడం భాషా పరిశోధకుల పని. గుంటూరు యార్డుకు చేరిన టిక్కీని చూసి కాదనవచ్చు గాని లేదనడానికి వీలులేదు. సమాధాన యంత్రాల యుగంలోనూ ప్రతి శ్రమకూ కనీసం ఆ పాటి ఉనికిని దక్కించడమే దృశ్యతా ధర్మం.